గడ్డినీలి లెక్క

కాలేజీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రెక్కలాయన అంటే చాలు, గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. జంతుశాస్త్ర విభాగంలో మ్యూజియం అటెండరు. మెట్ల కింద పొడుగాటి గది, గోడ నిండా చెక్క సొరుగులు, సొరుగుల్లో గాజు మూతల కింద సూదులకు గుచ్చిన సీతాకోకచిలుకలు. కలరా ఉండలు మార్చడం, ఊడిన రెక్కల్ని జిగురుతో అతికించడం, వెలిసిపోయిన చీటీలు గుండ్రటి అక్షరాలతో మళ్ళీ రాయడం ఆయన ఉద్యోగం. ఏ చొక్కా తొడిగినా కలరా ఉండల వాసనే. బస్సులో పక్కనున్నవాడు ముక్కు మూసుకుని లేచిపోతే, "పోనీలే, కాళ్ళు చాపుకోవచ్చు" అనుకుని నిజంగానే చాపుకునేవాడు.

అంత సులువుగా నవ్వే మనిషి, సొంత అక్క గుమ్మం తొక్కి పదకొండేళ్ళయింది. రావద్దని ఆవిడ అన్నది ఒక్కసారే. మళ్ళీ వెళ్ళి తలుపు కొట్టే మొహం ఈయనకే లేకపోయింది. ఎందుకు లేకపోయిందో చెప్పాలంటే బొటనవేలి గోరంత నీలం సీతాకోకచిలుక దగ్గర మొదలుపెట్టాలి. నవ్వకండి. కొంప ముంచింది అది కాదు, ఈయనే. కాకపోతే దాని పేరు చెప్పి ముంచాడు.

తల్లి పోయేనాటికి ఈయనకి ఆరేళ్ళు. తండ్రి అంతకుముందే పోయాడు. అక్కకి కొత్తగా పెళ్ళయింది. కాపురానికి వెళ్తూ ఒక ట్రంకుపెట్టెనీ ఒక తమ్ముణ్ణీ వెంటబెట్టుకెళ్ళింది. ఇంకొకడైతే మొహం మాడ్చుకునేవాడే. బావ మాత్రం, "ఉండనీవే, నూట ఇరవై నోళ్ళ పక్కన ఇదొక నోరు" అన్నాడు. నూట ఇరవై అంటే గొర్రెలు. ఊరి పైనున్న గుట్ట వాలంతా గడ్డి బీడు, బావ తాత కాలం నుంచి వాళ్ళ మంద మేసేది అక్కడే. పిల్లవాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని స్కూలు దగ్గర దింపి, మందని గుట్టెక్కించేవాడు. సాయంత్రం స్కూలు వదిలాక వీడు పలక సంచీతోనే గుట్ట మీదికి పరిగెత్తేవాడు.

పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం బావ వాణ్ణి గడ్డిలో బోర్లా పడుకోబెట్టాడు. "కదలకు. దొంగని చూపిస్తా" అన్నాడు. నేలకంటుకుని పాకే ఒక చిన్న మొక్క, వాము వాసన, ఊదారంగు పూలు. దాని మొదట్లో బియ్యపు గింజంత గులాబీ రంగు పురుగు పడి ఉంది.

"మూడు వారాలు ఆ పూమొగ్గలు తిని, ఇక చాల్లే అని కింద పడిందిరా ఇది. ఇప్పుడు ఎదురు చూస్తోంది. ఎవరి కోసం? అదిగో, ఆ ఎర్రచీమ కోసం."

ఎర్రచీమ వచ్చింది. పురుగుని తట్టింది, నాకింది. పురుగు వీపు మీద తేనె చుక్కలాంటిది ఊరింది. కాసేపటికి పురుగు ఒళ్ళు ఉబ్బించి గూని పెట్టుకుని కూర్చుంది.

"చూశావా నాటకం? ఇప్పుడిది అచ్చం చీమ పిల్లలా ఉంది. 'అయ్యో నా తల్లీ, నువ్విక్కడ ఎట్లా పడ్డావే' అని నోట కరుచుకుని పుట్టలోకి తీసుకెళ్తుంది. ఇది అక్కడ చేసే పనేమిటో తెలుసా? చీమ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే తింటుంది. పది నెలలు. చీమలు దీన్ని నాకి నాకి పెంచుతాయి. ఆ తర్వాత దర్జాగా బయటికి నడిచొచ్చి, నీలం రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోతుంది. అదేరా గడ్డినీలి."

"చీమలకి తెలీదా బావా?"

"తెలిస్తే పెంచుతాయా, పిచ్చోడా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. బావ చదువుకోలేదు. పుస్తకం తలకిందులుగా చేతికిచ్చినా తిప్పి పట్టుకునేవాడు కాదు. కానీ ఆ వాలు మీద ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, ఏ చీమ ఎక్కడ పుట్ట పెడుతుందో ఆయనకి తన గొర్రెల మొహాలంత బాగా తెలుసు.

స్కూలు చదువు అయ్యాక కాలేజీలో అటెండరు ఉద్యోగం దొరికింది. అక్కడ పెద్దసారు అని విభాగం అధిపతి ఉండేవాడు. ఆయన ఒకరోజు సొరుగులో ఉన్న నీలం సీతాకోకచిలుకని చూపిస్తూ, "ఇది ఈ ప్రాంతంలో అంతరించిపోయిందయ్యా" అని నిట్టూర్చాడు. రెక్కలాయనకి నవ్వాగలేదు. "అంతరించడమేంటి సార్, మా బావ గొర్రెల కాళ్ళ మధ్య రోజూ ఎగురుతుంటేనూ!" అనేశాడు. ఆ వారమే పెద్దసారుని గుట్ట ఎక్కించాడు. ఆయాసపడుతూ ఎక్కిన పెద్దసారు, గడ్డినీలిని చూసి గడ్డిలోనే కూలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దొంగ పురుగు కథ మొత్తం రెక్కలాయన నోటి నుంచి విని రాసుకున్నాడు. అది పెద్దసారు పేరుతో పెద్ద పత్రికలో అచ్చయింది. చివర చిన్న అక్షరాల్లో 'స్థానిక సహాయకుడికి కృతజ్ఞతలు' అని ఉంది. రెక్కలాయన ఆ కాగితం తీసుకెళ్ళి బావకి చదివి వినిపించాడు.

"ఈ సహాయకుడు ఎవడ్రా?"

"నేనే బావా."

"ఓహో. మరి నా గొర్రెల పేరు కూడా లేదేంట్రా?" అని బావ సరదాగానే అన్నాడు. అప్పటికింకా సరదాలకి లోటు లేదు.

ఆ తర్వాత పెద్దసారు లెక్క అప్పగించాడు. పద్ధతి ప్రకారం జరగాల్సిన పని. వాలు మీద అడ్డంగా ఒక దారి గీత, దాని పొడుగునా సున్నం పూసిన పది రాళ్ళు. గడ్డినీలి రెక్కలతో ఉండేది ఏడాదిలో ఐదారు వారాలే. ఆ వారాల్లో ఎండ కాసిన రోజు చూసుకుని, ఒకే నడక మీద మొదటి రాయి నుంచి పదో రాయి దాకా నడవాలి. అటు చెయ్యి చాపితే అందేంత, ఇటు చెయ్యి చాపితే అందేంత, ఆ మేరలో ఎగిరినవే లెక్క. వెనక్కి తిరిగి చూడకూడదు. ఏ రాయి దగ్గర ఎన్నో పుస్తకంలో ఒక గడిలో రాయాలి. పక్కనే ఇంకో గడి ఉంది, 'ఆటంకం' అని. వాన, గాలి, మనుషులు, పశువులు, ఏది అడ్డొచ్చినా అందులో రాయాలి.

ఇరవై ఏడో ఏట మొదలుపెట్టిన లెక్క అది. సెలవు రోజున పెళ్ళాం ఎక్కడికైనా తీసుకెళ్ళమంటే, "ఎండ బాగుంది, నాకు నడక ఉంది" అనేవాడు. "ఎండ లేకపోతే గొడుగు లేదంటావు, ఉంటే పురుగులుంటాయంటావు. నన్నూ ఆ సొరుగులో గుచ్చి పెట్టు, పీడా పోతుంది" అనేది ఆవిడ. పన్నెండేళ్ళు ఒక్క నడక తప్పలేదు. మూడో రాయి నుంచి ఆరో రాయి దాకా ఎప్పుడూ బావ మందే. గొర్రెలు తప్పుకునేదాకా ఆగి, పుస్తకంలో శ్రద్ధగా రాసేవాడు: మంద ఉంది, ఆటంకం. "పాపం, ఈ గిట్టల మధ్య ఎట్లా నెగ్గుకొస్తున్నాయో" అని గడ్డినీలి మీద జాలిపడేవాడు కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు ఆయనకే చెప్పుచ్చుకుని కొట్టుకోవాలనిపిస్తుంది.

పెద్దసారు ఆ వాలుని రక్షిత ప్రాంతం చేయించాలని పట్టుబట్టాడు. పైవాళ్ళు ఆధారం అడిగారు. ఆధారం సొరుగులోనే ఉంది. పుస్తకాలు ముందేసుకుని రెక్కలాయన ఒక సాయంత్రమంతా కూర్చుని లెక్క కట్టాడు. పన్నెండేళ్ళలో మేత వల్ల ఆటంకం నూట ఎనభై ఆరు సార్లు. ఆ అంకె కింద రెండు గీతలు గీసి మరీ ఇచ్చాడు. దాని మీదే ఉత్తర్వు వచ్చింది. వాలు చుట్టూ కంచె, మేత నిషేధం.

ఉత్తర్వు అందిన మర్నాడు బావ కాలేజీకి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు, చేతికర్ర బయట గోడకి ఆనించి, చెప్పులు విప్పి మెట్ల కింద గదిలోకి వచ్చి నిలబడ్డాడు. పెద్దసారు కూడా అక్కడే ఉన్నాడు.

"అయ్యా, మంద మేసిన చోటే ఆ పురుగు ఎగురుతుంది. గడ్డి పెరిగిన చోట ఎప్పుడూ ఉండదు. గడ్డి పెరిగితే నేల చల్లబడుతుంది, ఎర్రచీమ లేచిపోతుంది. చీమ పోతే ఇది బతకదు. కంచె వెయ్యకండయ్యా" అన్నాడు బావ.

పెద్దసారు చిరునవ్వు నవ్వాడు. "గొర్రెలవాడు గొర్రెల తరఫునే మాట్లాడతాడు కదయ్యా, అందులో వింతేముంది" అని రెక్కలాయన వైపు చూశాడు. రెక్కలాయన కూడా నవ్వాడు. పెద్దసారు నవ్వినప్పుడు నవ్వడం అలవాటు. బావ ఆ నవ్వు చూశాడు.

"ఒరేయ్, నువ్వొక్క మాట చెప్పరా. నీ మాట వింటారు. నువ్వు కళ్ళారా చూసినవాడివి."

"రూలు రూలే బావా. నా చేతుల్లో ఏముంది?"

బావ చెప్పులు తొడుక్కుని, కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. మేత లేని మందని ఎన్నాళ్ళు కట్టేసి పెడతారు? రెండు నెలల్లో లారీలు వచ్చాయి. పిల్లల్నీ తల్లుల్నీ విడదీసి ఎక్కిస్తుంటే అక్క చూడలేక లోపలికి వెళ్ళి తలుపేసుకుందట. ఆ సాయంత్రం రెక్కలాయన ఓదార్చడానికని వెళ్తే, అక్క గుమ్మంలోనే ఆపేసింది. "నీ పురుగు బతకాలి, మేం పోవాలి. అంతేగా? పుట్టలో పెట్టుకుని పెంచాంరా నిన్ను. ఇంకెప్పుడూ రాకు" అంది.

ఆయన ఏడుస్తూ ఇంటికొచ్చాడు, అది నిజం. కానీ ఏడ్చి ఏం చేశాడు? మర్నాడు కంచె ప్రారంభానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. గేటు తాళంచెవి పెద్దసారు ఆయన చేతికే ఇచ్చాడు. పళ్ళెమంత గడ్డినీలి బొమ్మ వేసిన బోర్డు పెట్టారు. అక్క ఇవాళ కోపంలో ఉంది, రేపు పురుగులు వేలకి వేలు ఎగిరితే తనే అర్థం చేసుకుంటుందని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. ఆయన పెట్టుకున్న ఆశంతా అదే. గడ్డినీలి బతికితే తను చేసింది ద్రోహం కాదు. అది వర్ధిల్లితే ఏదో ఒకనాడు అక్క గుమ్మం ఎక్కొచ్చు.

మొదటి ఏడు బాగానే ఉంది. గీత మొత్తం మీద నాలుగు వందల పైచిలుకు. పెద్దసారు విభాగానికంతటికీ టీ ఇప్పించాడు. రెండో ఏడు రెండు వందల నలభై. వానలు ఎక్కువన్నారు. మూడో ఏడు తొంభై. ఎవరో వలలతో వచ్చి పట్టుకుపోతున్నారన్నారు. అయితే కంచె చాలదని రెక్కలాయనే అర్జీ పెట్టి రెండో వరస ముళ్ళతీగ వేయించాడు. ఒకసారి ఎవరిదో తప్పిపోయిన మేక ఎలాగో లోపల దూరి హాయిగా మేస్తుంటే, కర్ర పుచ్చుకుని వాలంతా తరిమి తరిమి వెళ్ళగొట్టాడు. పదకొండేళ్ళలో ఆ వాలుకి మేలు చేసింది ఆ ఒక్క మేకే, దాన్నీ నిలవనివ్వలేదు.

నాలుగో ఏడు ముప్ఫై ఒకటి. తర్వాత పన్నెండు, ఆ తర్వాత నాలుగు. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగి గాలికి వంగుతుంటే, చూసినవాళ్ళంతా "ఎంత పచ్చగా ఉందో" అని ఫొటోలు తీసుకునేవారు. వాము వాసన మొక్క ఆ గడ్డి కింద ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. తొమ్మిదో ఏడు ఒక్కటి కనిపించింది, ఐదో రాయి దగ్గర, రెక్క అంచు చిరిగినది. పదో ఏడు సున్నా. ఆ ఏడు మాత్రం ఆయన రూలు తప్పి వెనక్కి తిరిగి చూశాడు. వెనక కూడా ఏమీ లేదు.

పదకొండో ఏడు వసంతంలో చీమల మేడమ్ వచ్చింది. నలభై ఐదేళ్ళావిడ, మోకాళ్ళ దగ్గర మట్టి మరకలున్న ప్యాంటు. చీమల మీద పని చేస్తుంది కాబట్టి గంటలోనే విభాగంలో ఆ పేరు స్థిరపడిపోయింది. రెక్కలాయన బోర్డు, కంచె అన్నీ చూపిస్తుంటే ఆవిడ అవేమీ పట్టించుకోలేదు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని నేలలోకి థర్మామీటరు గుచ్చింది.

"ఇక్కడ ఎర్రచీమలు ఏవండీ?" అంది.

"ఉంటాయండీ, చీమలకేం కరువు?"

"ఇవి నల్లవి. వీటి పుట్టలోకి ఆ పురుగుని తీసుకెళ్తే పెంచవు, తినేస్తాయి. ఎర్రచీమకి వెచ్చటి నేల కావాలి. గడ్డి రెండు వేళ్ళ ఎత్తు దాటితే ఉండదది." ఆవిడ లేచి చేతులు దులుపుకుంది. "కంచె వేయక ముందు లెక్కలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయా అంటే! పన్నెండు పుస్తకాలూ గర్వంగా తెచ్చి మెట్ల కింద గదిలో బల్ల మీద పెట్టాడు. ఆవిడ మధ్యాహ్నమంతా తిప్పింది. తిప్పే కొద్దీ మాట తగ్గిపోయింది. చివరికి స్కేలు ఒకటి పేజీకి అడ్డంగా పెట్టింది.

"ఇది చూడండి. మూడు, నాలుగు, ఐదు, ఆరు రాళ్ళు. ఇరవై, ముప్ఫై, పద్దెనిమిది, ఇరవై రెండు. తొమ్మిది, పది రాళ్ళ దగ్గర సున్నా, ఒకటి. ఆ తొమ్మిది, పది దగ్గర గొర్రెలు మేసేవి కావా?"

"అక్కడ రాళ్ళెక్కువండీ, మంద వెళ్ళదు. గడ్డి ఏపుగా ఉంటుంది."

అన్నాక తన మాట తనకే వినపడింది. ఆవిడ ఇంకో పుస్తకం తెరిచింది. లెక్క మొదలైన ఏడో ఏడు. బావ కాలు విరిగి ఆ ఏడంతా మంద గుట్టెక్కలేదు, అప్పు చేసి పొరుగూరి బీడులో మేపించారు. ఆటంకం గడిలో తన గుండ్రటి అక్షరాలే: మంద లేదు, ప్రశాంతం. మరుసటి ఏడు లెక్క సగానికి పడిపోయింది. దానికీ అప్పట్లో వానల్నే తిట్టుకున్నాడు.

"ఈ గడిలో ఆటంకం అని రాసింది ఎవరు?" అని మేడమ్ మెల్లగా అడిగింది.

"నేనేనండీ."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. జాతి లక్షణం చెప్పుకుపోయింది. గడ్డినీలి ఎగిరి దూరాలు పోయే రకం కాదు, పుట్టిన వాలు దాటదు. ఎక్కడో ఒక మూల, గీతకి అవతల, ఒక్క గుంపైనా మిగిలి ఉంటే, మందని వెంటనే దింపి గడ్డి కొరికిస్తే మూడు నాలుగేళ్ళకి కోలుకోవచ్చు. మిగలకపోతే మాత్రం చేసేదేం లేదు. "ఈ వాలు మూల మూలా తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఎవరున్నారో ఆయనకి తెలుసు.

ఆ సాయంత్రమే పెద్దసారు ఫోన్ చేశాడు. రిటైరైనా రక్షణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. "ఏమయ్యా, ఆవిడెవరో పాత పుస్తకాలు అడుగుతోందట. చెదలు తినేశాయని చెప్పు. ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఏమంటే దానికి తలూపిన రెక్కలాయనకి మొదటిసారి ఒళ్ళు మండింది. "చెదలు తినలేదు సార్. తిన్నది మనం" అని ఫోన్ పెట్టేశాడు. అంత మాట అనడానికి పదకొండేళ్ళు పట్టింది, అదీ ఫోన్లో.

మర్నాడు పుస్తకాలు సంచీలో వేసుకుని అక్క ఇంటికి బయల్దేరాడు. మంద పోయాక వాళ్ళు పట్నం చేరారు, మూడో అంతస్తులో రెండు గదులు. బావ పార్సిల్ గోడౌన్‌లో బస్తాలు దించుతాడు, అక్క బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి దారాలు కత్తిరిస్తుంది. ఆకాశం కింద బతికిన మనిషి మెట్లెక్కి మెట్లు దిగుతూ ముసలివాడైపోయాడు. వరండాలో బట్టలారేసిన దండెం వంగిపోకుండా కింద ఒక కర్ర ఆనించి ఉంది. అది మందని తోలిన కర్రే. చూడగానే గుర్తుపట్టాడు.

తలుపు అక్కే తీసింది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. ఎవరో తెలియనట్టు రెండు క్షణాలు చూసి, పక్కకి తప్పుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. బావ కుర్చీలో కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు.

"బావా, గడ్డినీలి పోయింది" అన్నాడు రెక్కలాయన. మిగతాదంతా ఎట్లా చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. "నువ్వు చెప్పిందే నిజం. నా పుస్తకాల్లోనే ఉంది. నేనే చూసుకోలేదు."

బావ నూనె చెయ్యి తుడుచుకున్నాడు. "ఏముంది పుస్తకాల్లో? చదువు."

"ఎందుకు బావా ఇప్పుడు..."

"నాకు చదవడం రాదు కదా. చదువు."

చదివాడు. "మొదటి ఏడు. మూడో రాయి, ఇరవై ఒకటి. మంద ఉంది, ఆటంకం. నాలుగో రాయి, ముప్ఫై. మంద ఉంది, ఆటంకం."

"ఆటంకమంటే నేనేనా?"

రెక్కలాయన తలెత్తలేదు.

"ఊఁ. తర్వాత?"

"ఐదో రాయి, పంతొమ్మిది. మంద ఉంది, ఆటంకం."

పేజీ తిప్పబోయినప్పుడల్లా బావ "తర్వాత" అంటూనే ఉన్నాడు. ఒక ఏడు అయింది, రెండో ఏడు అయింది, ఐదో ఏడు అయింది. గొంతు బొంగురుపోయింది. కాలు విరిగిన ఏడు వచ్చేసరికి, "మంద లేదు, ప్రశాంతం" అని చదవలేక ఆగిపోయాడు. సిగ్గుతో కన్నీళ్ళు కారి పేజీ మీద పడ్డాయి. వంటగది గడప దగ్గర నిలబడి వింటున్న అక్క అప్పుడు నోరు తెరిచింది.

"కాలు విరిగి ఈయన మంచం మీద మూలుగుతుంటే నువ్వొచ్చి పక్కనే పడుకునేవాడివిరా రాత్రంతా. తెల్లారి వెళ్ళి ఇది రాశావా?"

రెక్కలాయన పుస్తకం మూసేశాడు.

బావే అన్నాడు. "మధ్యాహ్నం మంద పడుకునే చోటు ఒకటుంది, పెద్ద రాతిగుండు వెనక. నీ గీతకి అందదు. అన్నిటికంటే అక్కడే ఎక్కువుండేవి. సెలవు రోజు వస్తాను. నీ కోసం కాదు. నాకు చూడాలనుంది."

సెలవు రోజు ఎండ బాగా కాసింది. గడ్డినీలి ఎగరాల్సిన వారమే. రెక్కలాయన గేటు తాళం తీశాడు. బావ బోర్డు మీది పళ్ళెమంత బొమ్మని ఒకసారి చూసి, "రెక్క మీద చుక్కలు తప్పుగా వేశారు" అని లోపలికి నడిచాడు. మోకాలి నొప్పితో మూడుసార్లు ఆగాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

ఒకటో రాయి, రెండో రాయి, మూడో రాయి. తెల్లసున్నం పోయి రాళ్ళు గడ్డిలో కనబడటమే మానేశాయి. గీత పొడుగునా ఏమీ ఎగరలేదు. గుండు వెనక్కి వెళ్ళారు. నూట ఇరవై గొర్రెలు పడుకుని నున్నగా చేసిన చోటు ఇప్పుడు నడుం ఎత్తు గడ్డి. పైన పచ్చ, కింద ఏళ్ళ తరబడి ఎండి పేరుకున్న పాత గడ్డి. బావ కష్టం మీద మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా ఆ గడ్డిని పాయలు చీల్చి నేల దాకా వెళ్ళాడు. వాము వాసన మొక్క కోసం వేళ్ళతో తడిమాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మట్టి వాసన తప్ప ఏం రాలేదు. అరచెయ్యి నేలకి ఆనించి అట్లాగే చాలాసేపు ఉంచాడు.

"చల్లగా ఉందిరా" అన్నాడు.

"ఒక్కటైనా... ఎక్కడైనా ఒక మూల..."

"మూలా లేదు, ముంగిలీ లేదు. అయిపోయింది. మా తాత నుంచి నా దాకా ఎవరం ఏ లెక్కా రాయలేదు, ఉండేది. నువ్వు లెక్క రాశావు, పోయింది." గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉన్నా బాగుండేదని రెక్కలాయనకి అనిపించింది. బావ కాళ్ళ మీద పడదామనుకున్నాడు. పడితే లేపడానికి ఆ మోకాళ్ళతో ఆయన వంగాలి. ఆ కష్టం కూడా పెట్టలేక నిలబడిపోయాడు.

అలవాటు చెడ్డది. బావ గుండుకి ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే, రెక్కలాయన జేబులోంచి పుస్తకం తీసి ఆ రోజు లెక్క రాశాడు. పది గడులు, పది సున్నాలు. పక్క గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపటికి అదీ రాశాడు.

"ఏం రాశావు?" అన్నాడు బావ.

"సున్నా."

"ఆ పక్కన?"

రెక్కలాయన పుస్తకం మూయబోయాడు. బావ చూస్తూనే ఉన్నాడు. "చదువు" అన్నాడు.

"ఆటంకం లేదు."

బావ తలూపాడు. చేతికంటిన మట్టిని ప్యాంటుకి తుడుచుకుని, కుంటుకుంటూ వాలు దిగాడు. తాత కాలం నుంచి మందని తోలుకొచ్చిన దారే అది. కింద గేటు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండా అట్లాగే నిలబడ్డాడు. ఇందాక ఇద్దరూ లోపలికి రాగానే రూలు ప్రకారం రెక్కలాయన గేటుకి మళ్ళీ తాళం వేసి ఉంచాడు. తాళంచెవి ఇంకా రెక్కలాయన జేబులోనే ఉంది.